ముగ్గు బీరువా

రాజరాజేశ్వరిగారు ఏ వస్తువునూ దగ్గర ఉంచుకోరు. అది ఎక్కడుందో మాత్రం దగ్గర ఉంచుకుంటారు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆవిడ మొత్తం అర్థమైనట్టే. అర్థం కాకనే వీధి వీధంతా ఆవిడ ఇంటిని దెయ్యాల కొంప అనుకునేది.

ఇదేమీ పుట్టుకతో వచ్చిన చాదస్తం కాదు. ఒకరు చేసిన అన్యాయంతో అంటుకున్నది. ఆవిడ సత్తెనపల్లి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. మిరపకూ పత్తికీ పట్టే పురుగుల మీద ఉద్యోగమంతా కాగితాలు కూడబెట్టారు. రిటైరైన వారంలోనే యాజమాన్యం గది ఖాళీ చేయించి, ఆ కాగితాల్ని గోతాల్లో కుట్టించి, కరస్పాండెంటు బావమరిది కోల్డ్ స్టోరేజీలో పడేయించింది. కోల్డ్ స్టోరేజీ చీకట్లో గోతానికీ గోతానికీ తేడా ఏం తెలుస్తుంది? సీజను రాగానే హమాలీలు టిక్కీలనే మిర్చి బస్తాలతో పాటు వాటినీ లారీకెత్తేశారు. మిరప పురుగు మీద రాసిందంతా మిరపకాయలతో పాటే ఏ రాష్ట్రానికో వెళ్ళిపోయింది. కొన్న వ్యాపారి గోతం విప్పి ఘాటు ఎలా ఉందన్నాడో తెలియదు.

ఆవిడ కరస్పాండెంటు ముందు నిలబడి అడిగారు.

"ఎక్కడున్నాయండీ?"

"పోయాయి మేడమ్."

"పోయాయని తెలుసు. ఎక్కడున్నాయి?"

"పోయినవి ఎక్కడుంటాయి మేడమ్?"

"ఎక్కడో ఒకచోట ఉంటాయిగా. అదే అడుగుతున్నాను."

కాగితాలు పోయినందుకు ఆవిడ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఎక్కడికి పోయాయో తెలియనందుకు మాత్రం ఆ వేసవంతా సరిగ్గా అన్నం తినలేదు. వేసవి అయ్యాక ఇంట్లో సామానంతా ఒక్కొక్కటే బయటికి నడిచింది. ఫ్రిజ్ వీధి చివరి సిద్దికా ఇంటికి. కుట్టుమిషను పక్కవీధి కోటేశ్వరి ఇంటికి. మామగారు చేయించిన పందిరిమంచం బుల్లయ్య రేకులషెడ్డుకి. బీరువా, డైనింగ్ టేబులు, గోడగడియారం కూడా అలాగే తలో ఇల్లూ చేరాయి. ఇంట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ, కిటికీ గూట్లో ఒక లాప్‌టాప్ మిగిలాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. వెళ్ళిన ప్రతి సామాను చోటా ఆవిడ నేల మీద ముగ్గుపిండితో దాని కొలతకు గీత గీశారు. రోజూ పొద్దున్నే ఆ గీతలు దిద్దేవారు. ఇల్లంతా తెల్లటి చదరాలు. ఆ చదరాల్లో ఆవిడ కాలు పెట్టేవారు కాదు. లేని టేబులు చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళేవారు. లేని మంచం కోడు తగలకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేవారు. గ్యాసు బండ తెచ్చిన మనిషి ఒకసారి తిన్నగా హాల్లోంచి నడిచాడు.

"ఆగు నాయనా! బీరువా!" అని కేక పెట్టారావిడ.

అతను ఉలిక్కిపడి ఎదురుగా చూశాడు. ఏమీ లేదు. బండ అక్కడే దించేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటికి బండ గేటు బయటి వరకే వచ్చేది.

దొంగ కథ ఇంకో రకం. ఒకనాడు పొద్దుగూకే వేళ పెరటి గోడ దూకి వచ్చాడు. దీపం పెట్టలేదు. వాడు ఈ గదీ ఆ గదీ తిరిగి, గోడలు తడుముతూ, ఇదేం ఇల్లురా నాయనా అనుకుంటూ ఉండగా మూలనున్న కుర్చీలోంచి నెమ్మదిగా ఒక గొంతు వినిపించింది.

"అటు కాదు, బీరువా ఇటుంది."

వాడు వచ్చిన దారిన కాదు, కిటికీలోంచి వెళ్ళిపోయాడు. చెప్పులు మాత్రం వదిలేశాడు. రాజరాజేశ్వరిగారు వాటి చుట్టూ కూడా గీత గీసి, "ఇవి వాడివి. ఎక్కడున్నాయో వాడికి తెలుసు. వచ్చి తీసుకుంటాడు" అన్నారు.

ఎవరైనా ఇంటికొచ్చి "కాఫీ ఉందా అత్తయ్యగారూ" అంటే, "ఉంది. కోటేశ్వరి వంటింట్లో కిటికీ పక్క అరలో ఎడం చేతివైపు. నా పేరు చెప్పి తాగిరా" అనేవారు. అడిగినవాళ్ళు నవ్వాలో భయపడాలో తెలియక బయటికొచ్చేవాళ్ళు. వెళ్ళి అడిగితే కోటేశ్వరి కాఫీ ఇచ్చేది కూడా. అది మరీ భయం వేసేది.

ఇలాంటి మనిషికి త్రినాథ్ దొరికాడు.

త్రినాథ్ ఆ వీధి మొగలో జిరాక్సు షాపులో పనిచేసేవాడు. నల్లతామర పురుగు వచ్చిన ఏడు వాళ్ళ నాన్న మిరపతోట మొత్తం పీకించి దున్నించేశాడు. త్రినాథ్ డిగ్రీ కూడా ఆ సాళ్ళలోనే కలిసిపోయింది. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతూ, కనిపించిన వాళ్ళనల్లా అనుమానిస్తూ బతుకుతున్నాడు. చదువు ఎవరూ చెప్పకుండా వచ్చింది. అనుమానం కూడా అంతే. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకునేవాడు.

ఒకరోజు రాజరాజేశ్వరిగారు రిక్షాలో ఒక కంప్యూటరు పెట్టించుకుని షాపు ముందు దిగారు.

"త్రినాథా, నీ గదిలో జాగా ఉందా? దీన్ని పెట్టుకో."

"మీ ఇంట్లో జాగా లేదా మేడమ్?"

"ఎక్కడిదిరా? అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు."

షాపులో ఉన్నవాళ్ళంతా కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. త్రినాథ్ నవ్వలేదు. తన కరెంటు మీద ఆవిడ కంప్యూటరు నడుస్తుందన్నమాట, ముసలావిడ గట్టిదే అనుకున్నాడు. అయినా పెట్టుకున్నాడు. రాత్రీ పగలూ ఆపొద్దన్నారావిడ. దాన్ని ఆవిడ లాప్‌టాప్‌కి కలిపే పని సాకుతోనే మొదటిసారి దెయ్యాల కొంపలో అడుగు పెట్టాడు.

ఆవిడ లాప్‌టాప్‌లో పరిశోధకులు వాడే రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. చదివిన పుస్తకాలూ వ్యాసాల వివరాలు అందులో ఎక్కించి, ఒక్కో దానికి దాని ఫైలు తగిలించుకుంటారు. త్రినాథ్ సెట్టింగులు తెరిచాడు.

"రెండు పద్ధతులున్నాయి మేడమ్. ఫైలుని కాపీ తీసి ఇదే తన కడుపులో దాచుకుంటుంది. లేదంటే ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది, ఇది దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. కాపీ పెట్టమంటారా, లింకా?"

"నేనెవరో తెలిసే అడుగుతున్నావా?"

"లింకే మేడమ్. అయితే ఒక ఇబ్బంది. అవతల ఎవరైనా ఫైలు కదిపితే 'దొరకలేదు' అని వస్తుంది."

"రావాలి. దొరకనప్పుడు దొరకలేదనే చెప్పాలి. మా కాలేజీ వాళ్ళకంటే మర్యాదగా ఉందే ఇది!"

"అన్ని దారులూ మొదలవడానికి ఒక బేస్ ఫోల్డర్ చూపించాలి."

"నీ గదిలో కంప్యూటరు మీద పెట్టు."

"రేపు నేను గది మారితే?"

"నువ్వే చెప్పు, మారితే?"

"బేస్ ఫోల్డర్ ఒక్కటీ ఎక్కడికి మారిందో చెబితే చాలు. దాని కింద లింకులన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

"అంత తేలికా!" అని ఆవిడ చాలాసేపు ఆశ్చర్యపోయారు. మళ్ళీ చెప్పించుకుని విన్నారు.

వివరాలు ఎక్కించడం మొదలుపెట్టాక త్రినాథ్‌కి అసలు సంగతి తెలిసింది. అవి పుస్తకాలు కావు.

"ఫ్రిజ్... రచయిత అని అడుగుతోంది మేడమ్."

"మావారి పేరు వెయ్యి. బేరమాడింది ఆయనే."

"పేజీలు?"

"అరలు లెక్కపెట్టి వెయ్యి."

"పందిరిమంచం. ఇదెవరు రాశారు?"

"మా మామగారు. వార్నిషు వేయించాం కాబట్టి రెండో ముద్రణ అని పెట్టు. తగిలించాల్సిన ఫైళ్ళు ఆ ఫోల్డర్లో ఉంటాయి. సామాను ఉన్నవాళ్ళే తమ ఫోన్లలోంచి వేస్తారు. వారం వారం పాతదాని మీద కొత్తది."

ఫైళ్ళేమిటో త్రినాథ్ అడగలేదు. పిచ్చి ముదిరిందనుకుని లింకులు తగిలించాడు. అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. ఫిబ్రవరి ఎండ. ఊరంతా కల్లాల్లో మిరపకాయల ఘాటు. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. రాజరాజేశ్వరిగారు కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్‌కి తగిలించిన స్పీకరు పట్టుకెళ్ళి వంటింట్లో ముగ్గు చదరం మధ్య పెట్టించారు. మొదటి లింకు నొక్కారు.

ఖాళీ వంటింట్లో ఫ్రిజ్ మోగింది.

ముందు టక్కుమని, తర్వాత గుర్రుమని, కాసేపటికి సన్నగా. తలుపు తెరిచిన చప్పుడు. సీసాలు తగిలిన చప్పుడు. "అబ్బ, ఎంత చల్లగుందో!" అని ఒక ఆడగొంతు. తలుపు మూసుకుంది. త్రినాథ్ వంటింట్లోకి తొంగి చూశాడు. తెల్లటి గీత, దాని మధ్య అగ్గిపెట్టంత స్పీకరు.

ఆవిడ స్పీకరుని హాల్లో గీతలోకి మార్పించి ఇంకోటి నొక్కారు. హాల్లో కుట్టుమిషను పరుగెత్తింది. ఇంకోటి. మంచం కిర్రుమంది, బుల్లయ్య దగ్గాడు. ఇంకోటి. లేని గోడగడియారం గంట కొట్టింది. మనిషి లేడు, సామాను లేదు, ఇంటినిండా సంసారం నడుస్తోంది.

"బాగానే ఉన్నాయి అన్నీ," అన్నారావిడ కళ్ళు మూసుకుని. "మిషనుకి నూనె తక్కువైంది. చెప్పాలి."

ఆ వీధిలో పోయేవాళ్ళు మధ్యాహ్నంపూట ఎందుకు ఆ ఇంటికి దూరంగా తప్పుకుని నడిచేవారో త్రినాథ్‌కి ఆ రోజు తెలిసింది.

అతని గదిలో కూడా ఒక వింత మొదలైంది. ఆ కంప్యూటర్లో, అదే సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాలున్నాయి. ఆవిడకు చెప్పకుండా చదువుకునేవాడు. దొంగతనం చేస్తున్నట్టు ఉండేది, అందుకే ఇంకా బాగా చదివేవాడు. ఒక చరిత్ర పుస్తకం మొదటి భాగం ముగించి, రెండోది ఎక్కడ దొరుకుతుందిరా అని విసుక్కుని పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే రెండో భాగం ఫోల్డర్లో ఉంది. గది తలుపు గడియ వేసినట్టే ఉంది. ఇంగ్లీషు పదాలు తెలియక ఒక పుస్తకం సగంలో వదిలేశాడు. రెండ్రోజుల్లో దాని పక్కన నిఘంటువు వచ్చి కూర్చుంది. పురుగుల మీద పనిచేసే మనిషికి ఇవన్నీ ఎందుకో అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించడానికి భయం వేసింది.

భయం ఎక్కువైనప్పుడు త్రినాథ్‌కి కోపం వచ్చేది. కోపం ఈసారి వీధి మీదికి మళ్ళింది. ముసలావిడ చాదస్తాన్ని అడ్డం పెట్టుకుని అందరూ తలో సామానూ నొక్కేశారు. వారానికోసారి ఇంత చప్పుడు పంపి ఆవిణ్ణి మభ్యపెడుతున్నారు. రేపు అమ్ముకుంటారు, అమ్ముకుని 'దొరకలేదు' అంటారు. లోకం సంగతి తనకు తెలియదా?

సాక్ష్యం ఉండాలనుకున్నాడు. ఆవిడ పెరట్లో ఉండగా సెట్టింగుల్లోకి వెళ్ళి లింకు తీసేసి కాపీ పెట్టాడు. అప్పటివరకూ ఉన్న లింకులన్నిటినీ దాచుకున్న ఫైళ్ళుగా మార్చేశాడు. ఇక ఎవరు ఏం చేసినా ఇవాళ్టి చప్పుళ్ళు పదిలం. మేడమ్‌కి ఈ పని ఎవరైనా ముందే చేసుంటే ఆ కాగితాలు పోయేవా అనుకుని, చాలా రోజుల తర్వాత తనను తాను మెచ్చుకున్నాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆవిడ షాపుకి కబురు పెట్టారు. వెళ్ళేసరికి కుర్చీలో లేరు. హాలు మధ్య, డైనింగ్ టేబులు గీతల్లో నిలబడి ఉన్నారు. ఆవిడ టేబుల్లో నిలబడటం ఎన్నడూ చూడలేదు.

"మేడమ్, టేబులు!" అన్నాడు తనకు తెలియకుండానే.

"ఉష్. విను."

లింకు నొక్కారు. వంటింట్లో ఫ్రిజ్ మోగింది. "అబ్బ, ఎంత చల్లగుందో!" అంది సిద్దికా. దూరంగా ఒక కాకి అరిచింది.

"కాకి విన్నావా?"

"విన్నాను మేడమ్."

"నిన్న కూడా అక్కడే అరిచింది. పోయినవారం కూడా. సిద్దికా అదే మాట అంటుంది, కాకి అక్కడే అరుస్తుంది. బుల్లయ్య అదే దగ్గు దగ్గుతాడు. కోటేశ్వరి ఆ జాకెట్టు ఎన్నాళ్ళైనా కుట్టడం కావడం లేదు." ఆవిడ గొంతు తగ్గించారు. "అందరూ నా ఇంటిని దెయ్యాల కొంప అంటే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నాకే భయమేస్తోందిరా. చప్పుడు ఉంది, మనుషులు లేరు. వీళ్ళంతా ఏమయ్యారు?"

ఆ ఎండలో కూడా ఇల్లు కోల్డ్ స్టోరేజీలా అనిపించింది.

"ఫోన్ చేయకపోయారా?"

"చేస్తే 'బానే ఉంది మేడమ్' అంటారు. మనుషులు అలాగే అంటారు. యంత్రం అనదు, మొరాయిస్తే మొరాయించినట్టే మోగుతుంది. నువ్వు వెళ్ళి సిద్దికా ఇంట్లో ఫ్రిజ్ చూసిరా."

"మీరే వెళ్ళొచ్చుగా?"

"నేను వెళ్తే నిలబడతారు, కుర్చీ తుడుస్తారు, ఫ్రిజ్ తుడుస్తారు. అరువు తెచ్చుకున్న వస్తువులా చూపిస్తారు. అలా చూడ్డానికి కాదు ఇచ్చింది... ఉంచింది," అని సర్దుకున్నారు. "వెళ్ళు."

ఇదే సమయం అనుకున్నాడు త్రినాథ్. చూసి రావడం ఎందుకు, తెచ్చేస్తే సరి. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకుని సిద్దికా ఇంటి ముందు ఆపాడు.

ఎదురుగా రేకులషెడ్డులో బుల్లయ్య పందిరిమంచం మీద రాజులా పడుకుని ఉన్నాడు. నగిషీ కోళ్ళు, చెక్కిన చిలకలు, పైన పట్టుపందిరికి బదులు యూరియా సంచులు కుట్టిన పట్టా. ఆటో చప్పుడుకి ఒక కన్ను తెరిచాడు.

"ఏందిరా త్రినాథూ, బండేసుకొచ్చావ్?"

"ఫ్రిజ్ తీసుకెళ్ళడానికొచ్చాను. మేడమ్‌ది."

సిద్దికా గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట విని ఆమె మొహం తెల్లబడింది. కానీ వాదించలేదు, తప్పుకుని దారిచ్చింది.

"తీసుకెళ్ళు తమ్ముడూ. నేనే అనుకుంటన్నా, మేడమ్‌కి కోపమొచ్చుంటదని. ఆగిపోయి చానా రోజులైంది. వారం వారం అదే పంపుతన్నా. 'మేడమ్, ఆగిపోయింది, వినండి, ఏం చప్పుడు లేదు' అని చెప్పి మరీ పంపా. ఒక్క మాటా రాలేదు. అంతకుముందైతే కాస్త గురక మారితే చాలు, సాయంత్రానికి మెకానిక్ వచ్చేవాడు. మనిషి పెట్టిన వస్తువు పాడు చేశాం, ఇంకా ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

త్రినాథ్ లోపలికెళ్ళాడు. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి. పక్కన తడి ఇసుక మీద మట్టికుండ, దాని చుట్టూ తడి గోనె.

"అందులో ఏముంది?"

"మా ఆయన అష్రఫ్‌వి, ఇన్సులిన్ సీసాలు. ఎండలు ముదిరితే కుండ ఆగదంట. మందు చెడితే చెడినట్టు కూడా తెలీదంట చూడ్డానికి. నిన్న అష్రఫ్ ఆటో నడుపుతా కళ్ళు తిరిగి పక్కకాపేశాడు." ఆమె కుండ మీద నీళ్ళు చిలకరించింది. "మేమడగలేదు తమ్ముడూ ఫ్రిజ్. ఆవిడే వచ్చి, 'మా ఇంట్లో జాగా లేదు, మీ ఇంట్లో ఉంచు సిద్దికా, నాకు సాయం చేసినట్టుంటుంది' అన్నారు. ఖాళీ ఇంట్లో జాగా లేదంట! నవ్వొచ్చింది. నవ్వుతా పెట్టుకున్నాం. ఎంత బాకీ పడ్డామో కూడా గుర్తు రాకుండా చేశారు."

"నా నడుం సంగతీ అంతే," అన్నాడు బుల్లయ్య అటునుంచి. "నేల మీద పడుకుని లేవలేకపోతంటే, 'బుల్లయ్యా, మా మంచానికి చెదలు పడుతున్నాయి, రోజూ దొర్లి దులిపే మనిషి కావాలి' అంది మహాతల్లి. నేను ఆమెకి పనిచేస్తన్నా అనుకుంటా పడుకుంటా. నిద్ర బెమ్మాండంగా పడద్ది."

త్రినాథ్‌కి ఇంకా పాత కోపం పూర్తిగా దిగలేదు. "అందరూ ఆవిడ సామాను మీదే పడ్డారన్నమాట," అన్నాడు.

బుల్లయ్య రెండో కన్ను కూడా తెరిచాడు.

"అవున్రా. మరి నీ గదిలో రాత్రీ పగలూ వెలిగేది ఎవరిదో?"

త్రినాథ్‌కి పొద్దున్నే వచ్చి కూర్చున్న రెండో భాగం గుర్తొచ్చింది. పక్కన వాలిన నిఘంటువు గుర్తొచ్చింది. తను ఏ పుస్తకం తెరిచాడో, ఏ పేజీలో ఆపాడో ఆ సాఫ్ట్‌వేర్ ఆవిడ లాప్‌టాప్‌లో కూడా చూపిస్తుందని తనే ఆవిడకు మొదటిరోజు గొప్పగా చెప్పాడు. దెయ్యం ఎవరో తెలిసింది. గేటు బయట గ్యాసు బండ దించుకునే దెయ్యం.

ఆటోవాడు హారను కొట్టాడు. "ఎక్కించాల్సింది ఏంటన్నా?"

"మెకానిక్‌ని ఎక్కించుకురావాలి, పద," అన్నాడు త్రినాథ్.

ఇన్సులిన్ సీసాలు మందుల షాపువాడికి చూపించి, పాతవి పారేసి కొత్తవి తెచ్చారు. మందుల షాపువాడికి చూపించి, పాతవి పారేసి కొత్తవి తెచ్చారు. మెకానిక్ సిద్దికా ఫ్రిజ్ వెనక కూర్చుని ఒక పనిముట్టు పోగొట్టుకుని, రెండు టీలు తాగి, పొద్దు వాలేలోగా బాగుచేశాడు.

త్రినాథ్ పరుగున దెయ్యాల కొంపకు వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి, కాపీలన్నీ తీసేసి, సెట్టింగు మళ్ళీ లింకుకి మార్చి, బేస్ ఫోల్డర్ చూపించాడు. ఆవిడ టేబులు గీతల్లోంచే చూస్తూ ఉన్నారు. అతను చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఎవరు మార్చారని నేనడగను. ఎందుకు మార్చావని కూడా అడగను," అన్నారావిడ. "కాపీలో తప్పేం లేదు. కానీ కాపీ తీసిన రోజుతో అక్కడే ఆగిపోతుంది చూడు, లోపల సిద్దికా కూడా ఆగిపోయింది. నాకు ఇవాళ్టి సిద్దికా కావాలి. నొక్కు."

నొక్కాడు. మొదట ఏమీ లేదు. తర్వాత వంటింట్లో టక్కుమంది. ఫ్రిజ్ కొత్త గొంతుతో, కాస్త పెద్దగా గుర్రుమంది. "మేడమ్, వచ్చేసింది! వినండి, వచ్చేసింది!" అంది సిద్దికా. వెనక అష్రఫ్ ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. ఈసారి కాకి అరవలేదు.

రాజరాజేశ్వరిగారు డైనింగ్ టేబుల్లోంచి బయటికి వచ్చి, చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"మిషనుకి నూనె వేశారా?" అని అడిగారు.

త్రినాథ్ ఆ తర్వాత మరీ మంచివాడైపోలేదు. ఎవరైనా నవ్వితే ఇప్పటికీ చెయ్యి జేబు దాకా వెళ్తుంది. కానీ దూరవిద్యలో డిగ్రీ కట్టాడు. గుంటూరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. వెళ్ళే ముందు చివరిసారి ఆ ఇంటికి వెళ్ళాడు. అదీ మధ్యాహ్నమే. గుమ్మంలోంచే కుట్టుమిషను చప్పుడు, దాని మీద కోటేశ్వరి ఎవర్నో తిడుతున్న చప్పుడు.

"కంప్యూటరు తెచ్చి ఇచ్చేస్తాను మేడమ్."

"ఎక్కడ పెట్టను? జాగా ఏదీ? గుంటూరు పట్టుకుపో."

అతను తల వంచుకున్నాడు. అప్పుడు నేల మీద కొత్త గీత కనిపించింది. లాప్‌టాప్ కిటికీ పక్కన, రోజూ తను షాపులో ముక్కాలిపీట తెచ్చి వేసుకుని కూర్చునే చోట, చిన్న చదరం. దాని ముందు రెండు పాదాల గీతలు, కాస్త వంకరగా, తను కూర్చున్నప్పుడు పెట్టే వంకరలోనే. అవి తనవే.

"ఇదేం సామాను మేడమ్?"

"తెలిసే అడుగుతున్నావు." ఆవిడ ముగ్గుపిండి చేతులు దులుపుకున్నారు. "ఎక్కడికైనా కదులు. బేస్ ఫోల్డర్ ఎక్కడికి మారిందో ఒక్క ముక్క చెప్పు చాలు. మిగతా లింకులన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నువ్వే అన్నావుగా. ఇక బయల్దేరు, బస్సు టైమైంది."

కళ్ళు మసకేసి త్రినాథ్ తిన్నగా గుమ్మం వైపు నడిచాడు.

"ఒరేయ్, అటు కాదు, బీరువా!"